గేర్ బాక్స్ దించే ముందు ఎడమ కాలితో చేసే పరీక్ష

పికప్ కింద నుంచి శబ్దం వస్తోందంటే చాలామంది నోట వచ్చే మొదటి మాట "క్లచ్ పోయింది". అలా అన్నవాళ్లను నేను ఒకటే అడుగుతాను: పెడల్ తొక్కితే శబ్దం వస్తోందా, పోతోందా? దీనికి సరైన జవాబు దొరికేదాకా స్పానర్ ముట్టుకోను. దించి చూస్తే అదే తెలుస్తుందిలే అనుకోవడం నాకు అస్సలు నచ్చదు. దించాక బేరింగుల మీద లోడు ఉండదు. చేత్తో తిప్పి చూస్తే, బండిలో గోల పెట్టిన బేరింగ్ కూడా ఒక్కోసారి మెత్తగానే తిరుగుతుంది. కాబట్టి శబ్దాన్ని బండి మీదే పట్టుకోవాలి.

అసలు సంగతి ఏమిటంటే, ఎప్పుడు ఏది తిరుగుతోందో తెలిస్తే చాలు. ఇంజిన్ ఆన్‌లో ఉండి, న్యూట్రల్‌లో పెడల్ వదిలేసి ఉంటే, ఇన్‌పుట్ షాఫ్ట్ (క్లచ్ నుంచి గేర్ బాక్స్‌లోకి వెళ్లే ఇరుసు) ఇంజిన్‌తో పాటే తిరుగుతుంది, గేర్ బాక్స్ లోపల దాని పక్కన ఉండే లే షాఫ్ట్ అనే ఇరుసును కూడా తిప్పుతుంది. పెడల్ పూర్తిగా తొక్కితే ఆ రెండూ నెమ్మదించి ఆగుతాయి. అప్పుడు క్లచ్‌ను విడదీసే రిలీజ్ బేరింగ్ మీద లోడు పడుతుంది. ఇంజిన్ ప్రధాన ఇరుసైన క్రాంక్ తిరుగుతూ ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగుతుంది కాబట్టి, వాటి మధ్య ఉండే పైలట్ బేరింగ్‌కు కూడా పని మొదలవుతుంది.

బండిని చదునైన చోట, ఆరుబయట నిలపండి. మూసి ఉన్న షెడ్డులో ఇంజిన్ నడపకండి, పొగ ప్రాణాలకే ముప్పు. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు అడ్డు పెట్టండి. ఇంజిన్ బాగా వేడెక్కాక ఏసీ ఆపేయండి, అద్దాలు దించండి. బయట నిలబడి వినడానికి ఒక మనిషి తోడుంటే మంచిది.

ముందు ఇంజిన్ ఆపి పెడల్‌ను మెల్లగా తొక్కి వదలండి. ఇక్కడే కీచుమంటే అది గేర్ బాక్స్ గొడవ కాదు. పెడల్ బుష్, కేబుల్, లేదా రిలీజ్ బేరింగ్‌ను నెట్టే ఫోర్క్ ఆనుకునే పివట్ దగ్గర గ్రీజు ఎండిపోయి ఉంటుంది.

ఇప్పుడు స్టార్ట్ చేసి, న్యూట్రల్‌లో కాలు పూర్తిగా తీసేసి వినండి. తర్వాత పాదం బరువు మాత్రమే ఆనించండి. పెడల్‌లో ఉన్న వదులు పోయి ఫోర్క్ తగిలే చోటే కీచుమనో, గరగరమనో మొదలై, ఇంకా తొక్కేకొద్దీ పెరిగితే అది రిలీజ్ బేరింగ్. కొన్ని బండ్లలో, ముఖ్యంగా హైడ్రాలిక్ సిలిండర్ గేర్ బాక్స్ లోపలే ఉండే రకాల్లో, ఈ బేరింగ్ ఎప్పుడూ తగిలే ఉంటుంది. వాటిలో పెడల్ వదిలేసినా సన్నగా శబ్దం రావచ్చు. కాలు ఆనించగానే శబ్దం తీరు మారుతుంది, దాన్ని గమనించాలి.

పెడల్ పూర్తిగా తొక్కి పట్టి, మొదటి గేర్ వేసి అలాగే ఉంచండి. బండి కదలదు కాబట్టి ఇన్‌పుట్ షాఫ్ట్ పూర్తిగా ఆగిపోతుంది. న్యూట్రల్‌లో లేని కీచు శబ్దం ఇప్పుడు వచ్చినా, ఉన్నది గట్టిపడినా పైలట్ బేరింగ్‌ను అనుమానించండి. పెడల్ తొక్కే ఉంచి న్యూట్రల్‌కూ గేర్‌కూ రెండు మూడుసార్లు మార్చి చూస్తే తేడా తెలిసిపోతుంది.

ఎక్కువ మంది తప్పుదారి పట్టేది, పెడల్ వదిలితే వచ్చి తొక్కితే పోయే శబ్దం దగ్గర. సామాన్లు మోసే ఒక పికప్ నా దగ్గరికి వచ్చేసరికే వేరే చోట రిలీజ్ బేరింగ్ కొత్తది వేశారు, శబ్దం మాత్రం పోలేదు. "క్లచ్ తొక్కితే ఆగిపోతుందండీ" అని ఓనరే చెప్పాడు. తొక్కితే లోడు పడే బేరింగ్, తొక్కినప్పుడు ఎలా ఊరుకుంటుంది? గేర్ బాక్స్ డ్రెయిన్ ప్లగ్ విప్పి, దాని అయస్కాంతానికి అంటిన ముద్దను రెండు వేళ్ల మధ్య రుద్ది చూశాను. మామూలుగా అయితే అది బూడిద రంగులో వెన్నలా మెత్తగా ఉండాలి. ఇందులో వేలికి గుచ్చుకునే సన్నటి తునకలు, గోరు అంచంత రేకులు ఉన్నాయి. విప్పితే ఇన్‌పుట్ షాఫ్ట్ బేరింగ్ రేసు (లోపలి గుండ్లు దొర్లే రింగు) మీద గుంటలు పడి పైపొర లేచిపోయి ఉంది. గేర్ బాక్స్ ముందు వైపు సీలు కారడంతో ఆయిల్ తగ్గి, బేరింగ్ ఎండిపోయింది. ఆ సీలు మార్చకుండా కొత్త బేరింగ్ వేసినా మళ్లీ ఇదే కథ.

అయితే తొక్కితే పోయే ప్రతి శబ్దమూ బేరింగ్ కాదు. డీజిల్ ఇంజిన్ ఐడిల్‌లో కొట్టే కుదుపులకు గేర్ల పళ్ల మధ్య ఉండే సందులో కటకటలాడడం మామూలే. యాక్సిలరేటర్ కాస్త ఇచ్చి చూడండి. కటకట ఆగిపోతే అది పళ్ల చప్పుడు. ఆగకుండా ఊళలా స్థాయి పెరుగుతూ పోతే బేరింగ్. కటకట ఈమధ్యే ఎక్కువైందంటే క్లచ్ ప్లేట్ స్ప్రింగులు వదులై ఉండవచ్చు, లేదా డ్యూయల్ మాస్ ఫ్లైవీల్ (మధ్యలో స్ప్రింగులతో రెండు భాగాలుగా ఉండే ఫ్లైవీల్) అరిగి ఉండవచ్చు. ఫ్లైవీల్ అయితే ఇంజిన్ ఆపేటప్పుడు ఢక్కుమని కొట్టడం కూడా కనిపిస్తుంది.

ఇక రోడ్డు మీద. ఒక్క గేర్‌లోనే శబ్దం వస్తే ఆ గేర్ పళ్లు, దాని బేరింగ్ చూడాలి. అన్ని గేర్లలో వచ్చి, 1:1 రేషియో ఉండే డైరెక్ట్ గేర్‌లో బాగా తగ్గితే లే షాఫ్ట్ వైపు వెళ్లండి, ఎందుకంటే డైరెక్ట్‌లో దాని మీద లోడు ఉండదు. వెనక చక్రాలు నడిచే పాత ఐదు గేర్ల పెట్టెల్లో ఇది ఎక్కువగా నాలుగో గేరే. ఖాళీ రోడ్డు మీద న్యూట్రల్ చేసి బండిని దొర్లనివ్వండి. వేగాన్ని బట్టి శబ్దం అలాగే సాగుతుంటే గేర్ బాక్స్ నుంచి వెనక్కి వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ సెంటర్ బేరింగ్, డిఫరెన్షియల్, వీల్ బేరింగులు చూసుకోండి. కదిలేటప్పుడు ఒక్కసారి టక్కుమంటే ఆ షాఫ్ట్‌కు ఉండే క్రాస్ జాయింట్. ఫోర్ వీల్ డ్రైవ్ ఉంటే ముందు చక్రాలకు కూడా శక్తి పంచే ట్రాన్స్‌ఫర్ కేసును మరచిపోకండి.

గేర్ వేసేటప్పుడు గర్రుమనడం వేరే లెక్క. ఒక్క గేర్‌కే అయితే, గేర్ పడే ముందు వేగాలను సమం చేసే సింక్రోనైజర్ రింగ్ అరిగినట్టు. అన్నిటికీ అయితే క్లచ్ పూర్తిగా విడవడం లేదు. పెడల్ తొక్కి కొన్ని సెకన్లు ఆగి రివర్స్ వేయండి. అప్పటికీ గర్రుమంటే ముందు హైడ్రాలిక్ ఆయిల్, లైన్‌లో గాలి, పెడల్ ఫ్రీ ప్లే (వదులు) చూడండి. పైలట్ బేరింగ్ పట్టేసినా ఇన్‌పుట్ షాఫ్ట్ ఆగదు, ఇదే లక్షణం వస్తుంది.

గేర్ ఆయిల్ చూసేటప్పుడు నింపే ప్లగ్‌ను ముందు విప్పండి. అది రాకముందే కింది నుంచి ఆయిల్ తీసేస్తే తిరిగి పోయడానికి దారి ఉండదు. ఆయిల్‌లో పసుపు మెరుపు కనిపిస్తే ఇత్తడి సింక్రో రింగులు అరుగుతున్నట్టు. జీఎల్-4 రకం గేర్ ఆయిల్ చెప్పిన పెట్టెలో జీఎల్-5 రకం పోయకండి, అందులోని కొన్ని రసాయనాలు ఇత్తడిని తినేస్తాయి. మాన్యువల్‌లో ఏది రాసి ఉంటే అదే.

దించాల్సిందే అని తేలితే, జాకీని నమ్మి కిందికి దూరకండి, స్టాండ్లు పెట్టండి. క్లచ్‌ను కప్పి ఉండే బెల్ హౌసింగ్‌లోని దుమ్మును గాలితో ఊదకండి, పాత ప్లేట్లలో ఆస్‌బెస్టాస్ ఉండవచ్చు. తడి గుడ్డతో తుడవండి. ప్లేట్, రిలీజ్ బేరింగ్, పైలట్ బేరింగ్ ఒకేసారి మార్చి, క్రాంక్ వెనక సీలు కారుతోందేమో చూడండి. తిరిగి ఎక్కించేటప్పుడు ప్లేట్‌ను అలైన్‌మెంట్ టూల్‌తో మధ్యకు తెచ్చి, బోల్టులు బిగిసేదాకా గేర్ బాక్స్ బరువు ఇన్‌పుట్ షాఫ్ట్ మీద వేలాడకుండా కింద జాకీ ఆనించే ఉంచండి, లేకపోతే కొత్త ప్లేట్ హబ్ వంగిపోతుంది.