పాత స్కూబాప్రో ఎంకే5 కొనే ముందు

పాత స్కూబాప్రో ఎంకే5 రెగ్యులేటర్ (సిలిండర్‌లోని గాలి ఒత్తిడిని తగ్గించి స్కూబా డైవర్‌కు అందించే పరికరం) సెకండ్ హ్యాండ్‌లో కనిపిస్తే, రబ్బరు పాడైందని వదిలేయకండి. ఓ-రింగులు (గాలి కారకుండా ఆపే రబ్బరు వలయాలు), సీటు (పిస్టన్ వచ్చి ఆనితే గాలి ఆగే భాగం) అరిగిపోయేవే, మార్చేవే. ఓ-రింగుల్లో చాలావరకు ప్రామాణిక సైజులే. పాతదాన్ని కొలిచి ఇండస్ట్రియల్ సీల్స్ అమ్మే షాపులో అడిగితే దొరుకుతాయి.

చూడాల్సింది పిస్టన్, అంటే లోపల కదులుతూ గాలిని వదిలే, ఆపే భాగం. సీటుకు తగిలే దాని పదునైన అంచును భూతద్దంతో పరీక్షించండి. అక్కడ గీత పడితే కొత్త సీటు వేసినా లీకు ఆగదు, మంచి పిస్టన్ వెతకడమే పెద్ద పని. అందుకే ఓ-రింగులు తీయడానికి స్టీలు సూది వాడొద్దు. ఇత్తడిదో ప్లాస్టిక్‌దో చాలు.

సర్వీసు అయ్యాక ఇంటర్మీడియట్ ప్రెషర్ (సిలిండర్ ఒత్తిడి తగ్గాక హోస్‌లోకి వెళ్లే గాలి ఒత్తిడి) చూపే గేజ్ తప్పనిసరి. ముల్లు సుమారు 135 పీఎస్ఐ దగ్గర కదలకుండా నిలవాలి. మెల్లగా పైకి పాకుతుంటే హై ప్రెషర్ వైపు (సిలిండర్ వైపు) నుంచి గాలి కారుతున్నట్టే: ముందు సీటు, పిస్టన్ అంచు చూడండి. పాతబడ్డ సెట్ల కోసం చాలామంది పాడైన మరో ఎంకే5 కొని విడిభాగాలకు వాడుకుంటారు, చవకైన పద్ధతి కూడా అదే. ఇదంతా చేసిన అనుభవం లేకపోతే మాత్రం సర్వీసు తెలిసినవాళ్లకే ఇవ్వండి, నీళ్లలో ఊపిరి దీనిమీదే కదా.