ఉబుంటు నేర్చుకుందాం – 3వ పాఠం: మొదటి వారం చికాకులు

గత రెండు పాఠాలలో ఉబుంటు 24.04ను పెన్‌డ్రైవ్‌లో సిద్ధం చేసుకొని, ఉన్న విండోస్‌ను చెరపకుండా దాని పక్కనే ఇన్‌స్టాల్ చేసుకున్నాము. చెప్పినట్టే చేసినవారి కంప్యూటర్ ఇప్పుడు ఆన్ చేయగానే ఏది కావాలో ఎంచుకొమ్మని ఒక పట్టికను చూపిస్తూ ఉండాలి. ఈ పాఠంలో కొత్తగా ఇన్‌స్టాల్ చేసేది ఏమీ లేదు. మొదటి వారంలో విసుగు తెప్పించి, చాలామందిని మళ్ళీ విండోస్ వైపు తిప్పి పంపే కొన్ని చికాకులను తీసుకొని, ఒక్కొక్కదాని వెనుక ఏమి జరుగుతున్నదో తెలుసుకొని సరిచేసుకుందాము.

ఇవి నేను ఊహించి రాస్తున్నవి కావు. బెంగళూరు మారతహళ్ళిలో మేముండే అపార్ట్‌మెంట్‌లోనే, కింది అంతస్తులో, లెక్కల టీచరుగా రిటైరైన ఒక సారు ఉంటున్నారు. ధర్మవరం ఆయనది, కొడుకు ఉద్యోగం ఇక్కడ కావడంతో వచ్చి స్థిరపడ్డారు. ఆయన ల్యాప్‌టాప్ 2016లో కొన్నది. విండోస్ 10కు 2025 అక్టోబరు 14తో సాధారణ మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కిద్దామంటే, అది ఇంటెల్‌లో 8వ తరం, ఆపై ప్రాసెసర్లనే అధికారికంగా అంగీకరిస్తుంది. ఈయనది 6వ తరం. కొత్తది కొందామని కొడుకు, చక్కగా పనిచేస్తున్నదాన్ని ఎందుకు పారేయాలని తండ్రి. చివరికి ఎస్.పి. రోడ్డుకు వెళ్ళి 4 జీబీ ర్యామ్ ఒకటి అదనంగా కొని వేయించి, ఉబుంటు పెట్టుకున్నాము. ఆ తరువాత వారం రోజుల పాటు ఆయన రోజూ సాయంత్రం మెట్లెక్కి పైకి వచ్చి అడిగిన సందేహాలే ఈ పాఠం.

డీ డ్రైవు సంగతి

"ఏమప్పా, నా డీ డ్రైవు యాడికి పాయ?" అన్నది మొదటి రోజు ప్రశ్న. ముప్పై ఏళ్ళుగా విండోస్ వాడినవారందరికీ సీ, డీ అనే అక్షరాలు కంప్యూటర్‌లో పుట్టుకతో ఉన్నట్టే అనిపిస్తాయి. నిజానికి అవి ఫ్లాపీల కాలం నాటి అలవాటు. ఏ, బీ అక్షరాలను రెండు ఫ్లాపీలకు కేటాయించడం వలన హార్డ్ డిస్క్‌కు సీ వచ్చింది. ఫ్లాపీలు పోయినా ఆ పేరు మాత్రం ఉండిపోయింది. ఉబుంటులో ఈ అక్షరాలు లేవు. విండోస్‌ను వరుస ఇళ్ళ వీధి అనుకుంటే, ఉబుంటు ఒకే వీధివాకిలి ఉన్న పాతకాలపు మండువా ఇల్లు. ఏ గదిలోకి వెళ్ళాలన్నా ఆ వాకిలి గుండానే వెళ్ళాలి. ఆ వాకిలికి 'రూట్' అని పేరు. రాతలో అది ఒక్క వాలు గీత మాత్రమే. మన సొంత ఫైళ్ళన్నీ 'హోమ్' అనే గదిలో మన పేరుతో ఉన్న అరలో ఉంటాయి. పెన్‌డ్రైవ్ గుచ్చినా, పాత డీ డ్రైవును తెరిచినా, అవి ఈ ఇంటిలోనే మరొక గదిగా వచ్చి చేరుతాయి తప్ప పక్క ఇల్లుగా నిలబడవు.

ఇప్పుడు 'ఫైల్స్' తెరిచి, ఎడమ పక్క జాబితాలో 'అదర్ లొకేషన్స్' మీద నొక్కండి. మీ డీ డ్రైవుకు విండోస్‌లో పేరు పెట్టి ఉంటే ఆ పేరుతోను, లేకపోతే '300 జీబీ వాల్యూమ్' అన్నట్టు దాని పరిమాణంతోను కనిపిస్తుంది. నొక్కితే తెరుచుకుంటుంది. సారు దానిలో ఉన్న మనవరాలి ఫొటోలు చూసుకొని సంతోషించి కిందికి వెళ్ళారు.

మరునాడు మళ్ళీ వచ్చారు. ఫొటోలు కనిపిస్తున్నాయి కాని, కొత్త ఫోల్డరు పెట్టబోతే ఆ మాట బూడిద రంగులో ఉండి నొక్కుడు పడడం లేదు. ఏదీ సేవ్ కావడం లేదు. డిస్క్ పాడైందని ఆయన భయం. పాడైనదేమీ లేదు. విండోస్ 8 కాలం నుంచి, అంటే 2012 నుంచి, విండోస్‌లో 'ఫాస్ట్ స్టార్టప్' అనే ఏర్పాటు ఉన్నది. మనం షట్‌డౌన్ నొక్కినప్పుడు అది పూర్తిగా ఆగిపోకుండా, తన లోపలి స్థితిని డిస్క్ మీద దాచుకొని కునుకు తీస్తుంది, మరుసటిసారి త్వరగా లేవడానికి. అలా కునుకు తీస్తున్నంతసేపూ డ్రైవులన్నీ ఇంకా తన చేతిలోనే ఉన్నాయని దాని లెక్క. ఆ సమయంలో ఉబుంటు వెళ్ళి డీ డ్రైవులో ఏదైనా రాస్తే, విండోస్ లేచాక దాని లెక్క తప్పి ఫైళ్ళు చెడిపోయే ప్రమాదం ఉన్నది. అందుకే ఉబుంటు చదవడానికి మాత్రమే తెరిచి, రాయడానికి నిరాకరిస్తుంది. మనకు అది మొండితనంగా కనిపిస్తుంది కాని, అది మన ఫైళ్ళకు కాపలా.

దీనిని విండోస్‌లోకి వెళ్ళి సరిచేయాలి. కంట్రోల్ ప్యానెల్‌లో 'పవర్ ఆప్షన్స్' తెరిచి, ఎడమ పక్కన 'చూజ్ వాట్ ద పవర్ బటన్స్ డు' అన్నదానిని నొక్కండి. కింద ఉన్న టిక్కులు మొదట కదలవు. పైన 'చేంజ్ సెట్టింగ్స్ దట్ ఆర్ కరెంట్లీ అనవైలబుల్' అన్న వరుసను నొక్కితే కదులుతాయి. అప్పుడు 'టర్న్ ఆన్ ఫాస్ట్ స్టార్టప్' దగ్గర టిక్కు తీసివేసి సేవ్ చేసి, షట్‌డౌన్ చేయండి. ఇంట్లో ఇంకొకరు ఆ విండోస్‌ను వాడుతూ, సెట్టింగులు మార్చవద్దంటే ఇంకొక దారి ఉన్నది: షట్‌డౌన్‌కు బదులు రీస్టార్ట్ నొక్కి, పట్టిక రాగానే ఉబుంటును ఎంచుకోండి. రీస్టార్ట్‌లో విండోస్ కునుకు తీయదు, పూర్తిగా ఆగుతుంది. పేరు చూస్తే షట్‌డౌనే పూర్తిగా ఆపేదిగా తోస్తుంది కాని, ఇక్కడ వ్యవహారం తలకిందులు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. కొత్తవారికి అలవాటు కావాలని కొందరు ఉబుంటుకు విండోస్ వేషం వేసి ఇస్తారు: అదే రంగు, అదే స్టార్ట్ బటన్, అవే బొమ్మలు. నేను ఇది చేయను. వేషం చూసి మనిషి పాత అలవాట్లతోనే చేయి పెడతాడు. లోపల డీ డ్రైవు ఉండదు, దిగుమతి చేసుకున్న '.ఈఎక్స్‌ఈ' ఫైలు నడవదు. మొదటి నుంచే కొత్త ఇల్లులా కనిపిస్తే, దీపం స్విచ్చి ఎక్కడున్నదని అడగడానికి మనిషి మొహమాటపడడు.

ఆ '.ఈఎక్స్‌ఈ' సంగతి కూడా ఇక్కడే ముగిద్దాము. అవి విండోస్ కోసం కట్టినవి. ఉబుంటులో వాటిని నడిపించే దారులు ఉన్నా, మొదటి నెలలో ఆ జోలికి వెళ్ళకండి. ఏదైనా ప్రోగ్రామ్ కావాలంటే బ్రౌజర్ తెరిచి డౌన్‌లోడ్ కోసం వెతకడం మానేసి, ముందుగా 'యాప్ సెంటర్' తెరిచి వెతకండి. అక్కడి నుంచి తెచ్చుకున్నవాటికి అప్‌డేట్లు కూడా అక్కడి నుంచే వస్తాయి.

పెన్‌డ్రైవ్‌ను తొందరగా పీకడం

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అలవాటు ఇదే. సారు దగ్గర స్కాన్ చేసిన పాత లెక్కల నోట్సు ఒకటి 320 ఎంబీ పీడీఎఫ్‌గా ఉన్నది. దానిని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేశారు; రెండు సెకన్లలో గీత నిండిపోయింది. 'ఉబుంటు ఎంత వేగం!' అనుకొని పెన్‌డ్రైవ్ పీకి జేబులో వేసుకొని వీధి చివరి జిరాక్స్ షాపుకు వెళ్ళారు. అక్కడ ఫైలు తెరుచుకోలేదు. షాపు అబ్బాయి కంప్యూటర్‌లోనే లోపమున్నదని వాదించి వచ్చారు.

లోపం ఎవరిదీ కాదు. మనం కాపీ చేసినప్పుడు ఉబుంటు ఆ ఫైలును ముందుగా ర్యామ్‌లోకి తీసుకొని, పని అయినట్టు మనకు చూపించి, అసలు రాత పనిని వెనుక తీరికగా సాగిస్తుంది. పాత రకం పెన్‌డ్రైవ్ సెకనుకు 8 ఎంబీ చొప్పున రాస్తుందనుకుంటే, 320 ఎంబీకి 40 సెకన్లు పడుతుంది. సారు మూడో సెకనులోనే పీకేశారు. విండోస్‌లో ఇలా పీకినా చాలాసార్లు చెల్లిపోవడానికి కారణమున్నది: విండోస్ 10లో 2018 నాటి 1809 వెర్షన్ నుంచి, పెన్‌డ్రైవ్‌ల విషయంలో ఇలా వెనుక రాసే పద్ధతిని మొదటి నుంచే ఆపి ఉంచుతున్నారు. కాపీ నెమ్మదిగా సాగుతుంది కాని, గీత నిండితే పని నిజంగానే అయినట్టు. ఆ ధైర్యమే ఇక్కడికి వచ్చాక చేటు చేస్తుంది.

కాబట్టి 'ఫైల్స్'లో ఎడమ పక్కన పెన్‌డ్రైవ్ పేరు పక్కన ఉన్న చిన్న ఎజెక్ట్ గుర్తును నొక్కండి. రాత ఇంకా మిగిలి ఉంటే, డేటా రాస్తున్నాము, ఇప్పుడే తీయవద్దని ఒక సందేశం పైన వస్తుంది. ఇక తీయవచ్చనే సందేశం వచ్చేదాకా ఆగండి. పెన్‌డ్రైవ్‌కు చిన్న దీపం ఉంటే దానిని చూడండి. అది మిణుకుమిణుకుమంటున్నంతసేపూ రాత జరుగుతూనే ఉన్నది.

ఐదున్నర గంటల తేడా

నాలుగో రోజు ఉదయం 7 గంటలకు సారు విండోస్ తెరిస్తే, గడియారం రాత్రి 1.30 చూపించింది. మదర్‌బోర్డు మీద ఉండే చిన్న బ్యాటరీ అయిపోయిందని ఎవరో చెప్పారట; మార్పించడానికి బయలుదేరబోయి ఆగారు. ఎందుకంటే, మూడుసార్లు చూస్తే మూడుసార్లూ తేడా సరిగ్గా ఐదున్నర గంటలే ఉన్నది. చచ్చిపోతున్న బ్యాటరీ ఇంత ఖచ్చితంగా తప్పు చేయదని, మన ప్రామాణిక కాలానికి 82.5 డిగ్రీల రేఖాంశం ఆధారమని, దానిని 15తో భాగిస్తే ఐదున్నర వస్తుందని ఆయనే లెక్క వేసుకొని వచ్చారు. ఆయనకు నేను చెప్పాల్సింది సగమే మిగిలింది.

మదర్‌బోర్డులోని గడియారంలో ఏ సమయం ఉంచాలనే విషయంలో ఈ రెండింటికీ పొత్తు కుదరదు. విండోస్ అక్కడ మన స్థానిక సమయాన్ని ఉంచుతుంది. ఉబుంటు మామూలుగా యూటీసీని, అంటే ప్రపంచ ప్రామాణిక సమయాన్ని ఉంచి, చూపించేటప్పుడు ఐదున్నర గంటలు కలుపుతుంది. ఉబుంటు రాసిపెట్టినదానిని విండోస్ స్థానిక సమయంగా చదువుకుంటుంది కాబట్టి అంత వెనుకబడుతుంది. అందరి కంప్యూటర్లలోనూ ఇది కనిపించదు. కనిపించినవారు మాత్రమే ఈ కింది పని చేయండి.

కంట్రోల్, ఆల్ట్, టి మూడు మీటలను కలిపి నొక్కితే 'టెర్మినల్' తెరుచుకుంటుంది. సారుకు నేను ఫోన్‌లో చెప్పినట్టే ఇక్కడా అక్షరం అక్షరం చెబుతాను. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలలోనే కొట్టాలి. మొదటి మాట: ఎస్, యు, డి, ఓ. ఒక ఖాళీ. రెండవ మాట: టి, ఐ, ఎమ్, ఇ, డి, ఎ, టి, ఇ, సి, టి, ఎల్. ఒక ఖాళీ. మూడవ మాట: ఎస్, ఇ, టి, అడ్డగీత, ఎల్, ఓ, సి, ఎ, ఎల్, అడ్డగీత, ఆర్, టి, సి. ఒక ఖాళీ. చివర 1 అంకె. ఎంటర్.

ఇప్పుడు అది పాస్‌వర్డ్ అడుగుతుంది. "కీబోర్డు సచ్చిపోయిందప్పా, ఏం కొట్టినా పడల్యా" అని ఫోన్‌లో సారు. కీబోర్డుకు ఏమీ కాలేదు. టెర్మినల్‌లో పాస్‌వర్డ్ కొడుతున్నప్పుడు అక్షరాలే కాదు, చుక్కలు కూడా కనిపించవు. పక్కనున్నవారికి మీ పాస్‌వర్డ్ ఎన్ని అక్షరాలదో కూడా తెలియకూడదని ఆ ఏర్పాటు. కనిపించకపోయినా పూర్తిగా కొట్టి ఎంటర్ నొక్కండి. తప్పు పడితే మళ్ళీ అడుగుతుంది, కంగారు లేదు. పని జరిగితే ఏ సందేశమూ రాదు, కొత్త వరుస మాత్రం వస్తుంది; టెర్మినల్‌లో సాధారణంగా మౌనమే అంగీకారం.

మదర్‌బోర్డు గడియారంలో స్థానిక సమయం ఉంచడం మంచిది కాదని ఉబుంటే ఒకచోట హెచ్చరిస్తుంది. వేసవిలో ఒకసారి, చలికాలంలో ఒకసారి గడియారాలను గంట మార్చుకునే దేశాలలో అది పెద్ద చిక్కే. మన దేశంలో ఆ మార్పిడి లేదు కాబట్టి ఆ హెచ్చరికను చూసి వెనుకాడనక్కరలేదు.

పేర్లలో చిన్న, పెద్ద అక్షరాలు

విండోస్‌కు ఇంగ్లీషు పెద్ద అక్షరంతో మొదలైన 'పెళ్ళి' ఫైలు, చిన్న అక్షరంతో మొదలైన 'పెళ్ళి' ఫైలు రెండూ ఒకటే. ఉబుంటుకు అవి రెండు వేర్వేరు ఫైళ్ళు, ఒకే ఫోల్డరులో పక్కపక్కన ఉంటాయి. చిక్కు ఎప్పుడు వస్తుందంటే, ఆ రెండింటినీ మామూలు పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసినప్పుడు. పెన్‌డ్రైవ్‌ల ఫార్మాట్ విండోస్ పద్ధతిది కాబట్టి, ఆ పేరుతో ఫైలు ఇప్పటికే ఉన్నది, దాని స్థానంలో దీనిని పెట్టనా అని అడుగుతుంది. అలవాటుగా సరేనంటే ఒకటి పోతుంది. పేర్లన్నీ చిన్న అక్షరాలలోనే పెట్టుకోవడం మేలు.

అభ్యాసం

డీ డ్రైవులో ఒక కొత్త ఫోల్డరు పెట్టి, 200 ఎంబీకి పైబడిన ఫైలునొకదానిని దానిలోకి చేర్చండి. అదే ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసి, గీత నిండిన క్షణం నుంచి, తీయవచ్చనే సందేశం వచ్చే దాకా ఎన్ని సెకన్లు పట్టిందో కాగితం మీద రాసుకోండి. సారు పెన్‌డ్రైవ్‌కు 46 సెకన్లు పట్టింది.

వచ్చే పాఠం తెలుగు టైపింగ్ గురించి. ఉబుంటులో మామూలు ఇన్‌స్క్రిప్ట్ పద్ధతితో పాటు, కన్నడ గణక పరిషత్తు పేరు మీద వచ్చిన 'కగప' పద్ధతి తెలుగుకు కూడా ఉన్నది. రెండింటినీ పోల్చి చూద్దాము. విండోస్‌లో తెలుగులో టైపు చేసిన ఉత్తరం ఏదైనా ఒకటి, కనీసం రెండు పేజీలది, హోమ్‌లోకి తెచ్చి ఉంచుకోండి. అది పాత డీటీపీ ఫాంట్లలో కొట్టినదైతే, తెరవగానే తెలుగుకు బదులు అర్థం లేని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. దానిని చెరిపేయకండి, పాఠంలో అవసరమవుతుంది.