రోటావేటర్ చైన్ మాటిమాటికీ పోతోందా? కొత్త చైన్ కొనేముందు అడుగు బోల్టు విప్పండి

దమ్ములు (నాట్లకి ముందు మడిలో నీళ్ళు పెట్టి దున్నడం) మొదలయ్యాయంటే చాలు, ఇదే గోల. "అన్నా, మొన్ననే కొత్త చైన్ వేయించా, మళ్ళీ కటకట అంటోంది." ఆయిల్ చూశావా తమ్ముడూ అంటే "ఫుల్‌గా ఉంది" అంటారు. ఆ ఫుల్‌గా ఉన్నది ఆయిలో కాదో మాత్రం ఎవరూ చూడట్లేదు, చైన్ మీద చైన్ కొంటూ పోతున్నారు. అందుకే ఒకసారి వివరంగా రాస్తున్నా. ఇది ట్రాక్టర్ వెనక తగిలించే రోటావేటర్లలో, కత్తులుండే కింది షాఫ్టుని (రోటర్‌ని) తిప్పే చైన్ పక్కన బాక్స్‌లో ఉండే వాటి గురించి, గేర్ డ్రైవ్ వాళ్ళకి సీల్ సంగతి వరకు పనికొస్తుంది.

పీటీవో (ట్రాక్టర్ నుంచి రోటావేటర్‌కి పవర్ ఇచ్చే షాఫ్టు) ఆపి, ఇంజన్ ఆపి, తాళం జేబులో వేసుకుని, కింద దిమ్మలు పెట్టాకే చెయ్యి పెట్టండి. హైడ్రాలిక్ మీద వేలాడే రోటావేటర్ కిందకి దూరొద్దు, ఎంత అనుభవం ఉన్నా సరే.

కటకట సౌండు, గట్టి నేల తగిలితే ధన్‌మని జారడం

చైన్ లూజయింది, లేదా సాగిపోయింది. రెండూ ఒకటి కాదు. లూజయితే టెన్షనర్ (చైన్ బిగించే సర్దుబాటు) తిప్పితే సరిపోతుంది, సాగితే ఎంత తిప్పినా నాలుగు రోజులే. మూత తీసి రోటర్‌ని చేత్తో పూర్తిగా ఒక చుట్టు తిప్పండి, చైన్ అన్నిటికన్నా టైటుగా ఉన్న చోట ఆపి, మధ్యలో వేలితో నొక్కి చూడండి. కంపెనీ పుస్తకంలో ఇచ్చిన కొలత ఉంటే అదే పెట్టండి, లేకపోతే రెండు స్ప్రాకెట్ల (చైన్ తిరిగే పళ్ళ చక్రాల) సెంటర్ల మధ్య దూరంలో 2 నుంచి 3 శాతం ఆట ఉండాలి, అంటే 40 సెంటీమీటర్ల దూరానికి సుమారు 1 సెంటీమీటరు. బిర్రుగా బిగిస్తే మంచిదనుకుని ఆట లేకుండా బిగించేవాళ్ళున్నారు, అప్పుడు బేరింగులు పోతాయి.

సాగిందో లేదో టేపుతో తేలిపోతుంది. ఒక అంగుళం పిచ్ (పిన్నుకీ పిన్నుకీ మధ్య దూరం) చైన్ అయితే 12 లింకులు, పిన్ను సెంటర్ నుంచి పిన్ను సెంటర్‌కి 305 మిల్లీమీటర్లు రావాలి, 311 దాటిందంటే దాని పని అయిపోయినట్టే. మీది వేరే పిచ్ అయితే కొత్త కొలత మీద 2 శాతం లెక్క వేసుకోండి. చైన్ మార్చేటప్పుడు స్ప్రాకెట్ల పళ్ళు కూడా చూడండి, సన్నబడి ఒక పక్కకి వంగినట్టుంటే అవీ మార్చాలి. అరిగిన పళ్ళ మీద కొత్త చైన్ వేస్తే ఆ డబ్బులు మడిలో పారేసినట్టే.

చైన్ తెగడం

లాక్ లింకు (చైన్ రెండు కొసల్ని కలిపే లింకు) దగ్గర విడిపోతే క్లిప్పు చూడండి, క్లిప్పు మూసిన వైపు చైన్ తిరిగే దిక్కుకి ఉండాలి. నడిమధ్యలో ప్లేటు తెగితే మాత్రం ఝటకా పడిందని అర్థం. పీటీవో షాఫ్టులో షియర్ బోల్టు (దెబ్బ తగిలితే ముందు తానే తెగేలా పెట్టిన బోల్టు) ఉండే మోడల్ అయితే అక్కడ ఏ బోల్టు ఉందో చూడండి. మాటిమాటికీ తెగుతోందని దాని బదులు గట్టి బోల్టు వేసేస్తారు, ఇంక రాయి తగిలినప్పుడు తెగాల్సింది తెగక ఆ దెబ్బంతా చైన్ మీద పడుతుంది.

కొత్త చైన్, కొత్త స్ప్రాకెట్లు, ఆయిల్ ఫుల్, అయినా ఒక్క సీజన్ కూడా ఆగట్లేదు

అసలు దొంగ ఇక్కడున్నాడు. రోటర్ షాఫ్టు చైన్ బాక్స్‌లోంచి బయటికొచ్చే చోట ఆయిల్ కారకుండా, నీళ్ళు దూరకుండా ఆపే ఒక ఆయిల్ సీల్ ఉంటుంది, దమ్ములో అది పూర్తిగా బురదనీళ్ళలోనే తిరుగుతుంది. అది పోతే మెట్ట దుక్కిలో ఆయిల్ కారి నేల మీద మరక కనపడుతుంది కాబట్టి తెలిసిపోతుంది. దమ్ములో అలా కాదు, ఆయిల్ బయటికెళ్ళేది మడినీళ్ళలో కలిసిపోతుంది, నీళ్ళు లోపలికొస్తాయి, నీళ్ళు బరువు కాబట్టి అడుక్కి చేరి ఆయిల్‌ని పైకి లేపుతాయి. ఆయిల్ ఎంతుందో చూసే లెవల్ బోల్టు విప్పితే మంచి ఆయిలే కారుతుంది, మనం ఫుల్ అనుకుని మూసేస్తాం. కింద స్ప్రాకెట్టేమో నీళ్ళలో, సన్నటి ఒండ్రులో తిరుగుతుంటుంది. ఆ ఒండ్రు పిన్నుల్లోకి దూరి చైన్‌ని లోపల్నుంచి అరగదీస్తుంది.

చూసే పద్ధతి చాలా తేలిక. బండిని రాత్రంతా సమంగా ఉన్న చోట దించి వదిలేయండి. పొద్దున్నే స్టార్ట్ చెయ్యకముందే అడుగు డ్రెయిన్ బోల్టుని కొద్దిగా వదులు చేసి గాజు గ్లాసు పట్టండి. ముందు నీళ్ళొచ్చి తర్వాత ఆయిలొస్తే సీల్ పోయింది. పాలు కలిపిన టీ రంగులో చిక్కగా వచ్చినా అదే, నీళ్ళు ఆయిల్లో కలిసి చిలకబడ్డాయి. రాత్రి ఆపకుండా, పని మధ్యలో చూస్తే ఇంత తేటగా తెలియదు.

సరే, సీల్ మార్చారు, మళ్ళీ పది రోజులకే నీళ్ళు. ఎందుకంటే సీల్‌ని చంపింది ఇంకా అక్కడే ఉంది. రోటర్ ఫ్లాంజికీ (చివర బిళ్ళకీ) చైన్ బాక్స్‌కీ మధ్య సందులో చూడండి, యూరియా సంచి దారం, పురికొస, డ్రిప్ పైపు ముక్కలు, మల్చింగ్ షీటు, వరిగడ్డి గట్టిగా చుట్టుకుపోయి ఉంటాయి. బయటికి ఉత్త మట్టిలాగే కనపడుతుంది, కొడవలి మొనతో లాగితే మూరెడు మూరెడు దారం వస్తుంది. అది తిరిగీ తిరిగీ సీల్ పెదవిని కోసేస్తుంది. రోజూ పని అయ్యాక ఆ సందు శుభ్రం చెయ్యమని డ్రైవరు తమ్ముళ్ళకి మరీ మరీ చెప్పండి.

ఇంకో రెండు చూడకుండా సీల్ కొట్టొద్దు. షాఫ్టు మీద సీల్ కూర్చునే చోట గోటితో గీసి చూడండి, గాడి తగిలిందంటే కొత్త సీల్ కూడా కారుతుంది, లేత్ షాపులో షాఫ్టు మీద స్లీవ్ (తొడుగు) వేయించాలి. తర్వాత రోటర్ కింద గడ్డపార పెట్టి పైకి ఎత్తి చూడండి, ఆట ఉంటే బేరింగ్ పోయినట్టు, అది మార్చకుండా ఏ సీలూ నిలవదు. డ్యుయోకోన్ సీల్ (ఒకదానికొకటి ఆనుకుని తిరిగే రెండు ఇనప రింగుల సీల్) ఉన్న మోడల్ అయితే రెండు ఇనప రింగులూ జతగానే మార్చండి, ఒకటి పాతది ఒకటి కొత్తది పెడితే కూర్చోవు.

బ్రీదర్ కూడా చూడండి, చాలామందికి అదొకటి ఉందనే తెలియదు. బాక్స్ పైనుండే ఆ చిన్న గాలి రంధ్రం మట్టితో మూసుకుపోతే, వేడెక్కినప్పుడు లోపలి గాలి సీల్ గుండా ఆయిల్‌ని బయటికి తోస్తుంది, చల్లనీళ్ళు తగిలి చల్లబడినప్పుడు అదే సందులోంచి నీళ్ళని లాక్కుంటుంది. డీజిల్‌తో కడిగి, నోటితో ఊది చూడండి, గాలి ఆడాలి.

ఇవన్నీ అయ్యాక బాక్స్‌ని డీజిల్‌తో కడిగి, అడుగున పేరుకున్న ఒండ్రు చేత్తో తీసి, మీ మోడల్‌కి చెప్పిన గ్రేడు గేర్ ఆయిల్ పొయ్యండి. ఇంజన్లోంచి తీసిన పాత ఆయిల్ పొయ్యొద్దు, మీకు దణ్ణం పెడతా.

పైన షాఫ్టు తిరుగుతోంది, రోటర్ తిరగట్లేదు

మూత తీస్తే తెలిసిపోతుంది. చైన్ తెగి ఉండాలి, లేకపోతే స్ప్రాకెట్‌ని షాఫ్టుకి పట్టి ఉంచే ఇనప ముక్క, అంటే కీ, తెగింది. కీ మార్చేటప్పుడు స్ప్రాకెట్ నట్టు లూజుగా ఉందేమో చూసి, లాక్ వాషర్ కొత్తది వెయ్యండి.

షాఫ్టు వంగడం, బాక్స్ వెల్డింగ్ మెలి తిరగడం లాంటివి పెద్ద బండరాయికి కొడితే తప్ప రావు, ముందే వాటి మీదకి పోవద్దు. కొత్త చైన్ వేశాక మొదటి రోజు పని అవ్వగానే ఒకసారి టెన్షన్ చూడండి, కొంచెం వదులవుతుంది. దమ్ము సీజన్లో వారానికోసారి పొద్దున్నే ఆ డ్రెయిన్ బోల్టు వదులు చేసి చూస్తే నీళ్ళు చేరిన సంగతి చైన్ పాడవకముందే తెలుస్తుంది.