మూతపడ్డ పాత రైల్వే స్టేషన్‌ని ఎలా చూడాలి? బర్మింగ్‌హామ్ కర్జన్ స్ట్రీట్

ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్ వెళ్లినవాళ్లు చాలామంది షాపింగ్ చేసుకుని వచ్చేస్తారు గానీ, అక్కడికి నడిచెళ్లే దూరంలోనే 1838లో కట్టిన కర్జన్ స్ట్రీట్ స్టేషన్ బిల్డింగ్ ఇంకా నిలబడే ఉంది, దానికోసం ఒక్క గంట పెట్టుకోండి.

మూర్ స్ట్రీట్ స్టేషన్ నుంచి నడిస్తే దగ్గరే. పక్కనే హెచ్ఎస్2 అనే హైస్పీడ్ రైలు లైనుకి కొత్త స్టేషన్ పనులు జరుగుతున్నాయి కాబట్టి ఎక్కడిదాకా వెళ్లనిస్తారో బయల్దేరే ముందే చూసుకోండి.

వెళ్లగానే గుమ్మం దాకా పోకండి. ముందు దూరంగా నిలబడి ఆ నాలుగు పెద్ద స్తంభాలు చూడండి, తర్వాత కిటికీల వరసలు లెక్కపెట్టండి. మూడే అంతస్తులు! బిల్డింగ్ నిజానికి చిన్నదే, స్తంభాల వల్లే అంత గంభీరంగా అనిపిస్తుంది.

ఇప్పుడు ఒక్క స్తంభం మీదే కళ్లు పెట్టండి. అది ఒకే రాయి కాదు, పెద్ద పెద్ద రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చి నిలబెట్టింది. తలెత్తితే పైన రెండు పక్కలా పొట్టేలు కొమ్ముల్లా చుట్టలు తిరిగిన చెక్కడం ఉంటుంది, దీన్నే అయోనిక్ శైలి అంటారు. ఈ స్టేషన్ ఉన్న లండన్-బర్మింగ్‌హామ్ లైనుకే లండన్ చివర, యూస్టన్ స్టేషన్ ముందు ద్వారంగా యూస్టన్ ఆర్చ్ కట్టింది కూడా ఈ ఆర్కిటెక్టే, ఫిలిప్ హార్డ్‌విక్, అక్కడ మాత్రం ఈ చుట్టలేవీ లేకుండా సాదా డోరిక్ స్తంభాలు పెట్టాడు. దాదాపు 180 కిలోమీటర్ల లైను, ఆ చివరొకటి ఈ చివరొకటి ద్వారాలు అన్నమాట.

తర్వాత వీలైతే వెనక్కి వెళ్లండి, నాకైతే అసలు గుండె పట్టేసేది అక్కడే. ప్లాట్‌ఫారాలు, షెడ్డు అన్నీ అటువైపే ఉండేవి, ఇప్పుడు ఏమీ లేవు, గుడి పోయి గాలిగోపురం ఒక్కటే మిగిలినట్టు. 1854లో న్యూ స్ట్రీట్ స్టేషన్ తెరిచాక ప్యాసింజర్ రైళ్లు అటు వెళ్లిపోయాయి, ఇక్కడ గూడ్స్ మాత్రం 1966 దాకా నడిచింది.

చివరిగా న్యూ స్ట్రీట్‌లో రైలెక్కి యూస్టన్‌లో దిగండి, కానీ ఆర్చ్ కోసం వెతక్కండి, ఎంతమంది వద్దన్నా వినకుండా 1961-62లో కూల్చేశారు. ఆ రాళ్లు చాలావరకు తూర్పు లండన్‌లో ఓ కాలువ అడుగున గుంత పూడ్చడానికి వేశారు, 1994లో వెతికితే అక్కడే దొరికాయి.