ఇంప్రింటింగ్ బట్టీ పట్టకండి, తాతయ్య క్రోమోజోమ్ వెంట నడవండి

ఇంప్రింటింగ్ అంటే, జీన్ అమ్మ నుంచి వచ్చిందా నాన్న నుంచి వచ్చిందా అన్నదాన్ని బట్టి దాని మీద పడే ముద్ర; అది పనిచేయాలా వద్దా తేల్చేది ఆ ముద్రే. ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ) అవుట్ గేట్ దగ్గర టీ తాగేటప్పుడు జూనియర్లు తరచూ అడిగే డౌట్ ఇది: తాతయ్య నుంచి అమ్మకు వచ్చిన జీన్ మీద మగ ముద్ర ఉంది కదా, అది అమ్మ అండంలోకి చేరాక ఎవరి ముద్ర అవుతుంది? ఆడ ముద్రే. అందరూ తప్పులో కాలేసేది ఇక్కడే, అందుకే బొమ్మ కూడా ఇక్కడి నుంచే మొదలుపెట్టండి.

కాగితం మీద తాతయ్య, అమ్మ, మనవడు అని మూడు గళ్లు గీయండి. ఐజీఎఫ్2, హెచ్19 అనే రెండు జీన్లు పక్కపక్కనే ఉండే చోటు తీసుకోండి (ఎలుకలో 7వ క్రోమోజోమ్, మనిషిలో 11వది). తాతయ్య వీర్యకణంలో హెచ్19 ముందున్న కంట్రోల్ భాగం మీద మిథైల్ చుక్కలు (డీఎన్ఏకు అతుక్కునే చిన్న రసాయన గుర్తులు) పెట్టండి. చుక్కలుంటే సీటీసీఎఫ్ ప్రొటీన్ అక్కడ కూర్చోలేదు, కాబట్టి ఐజీఎఫ్2 పనిచేస్తుంది, హెచ్19 మూగబోతుంది. చుక్కలు లేకపోతే అంతా తలకిందులు.

అమ్మ ఒంట్లోని మామూలు కణాల్లో ఆ చుక్కలు జీవితాంతం అలాగే ఉంటాయి. ఆమె బీజకణాల్లో (తర్వాత అండాలయ్యే కణాల్లో) మాత్రం, ఆమె ఇంకా అమ్మమ్మ కడుపులో ఉండగానే చెరిగిపోతాయి. ఎలుకలో ఇది గర్భంలో దాదాపు 10.5 నుంచి 13.5 రోజుల మధ్య జరుగుతుంది. తర్వాత చుక్కలు కొత్తగా రాసేది డీఎన్ఎంటీ3ఏ అనే ఎంజైమ్, దానికి తోడు డీఎన్ఎంటీ3ఎల్ ప్రొటీన్. ఎలుకలో మగపిల్లకైతే పుట్టకముందే ఈ పని మొదలవుతుంది, ఆడపిల్లకు పుట్టాక అండం పెరిగే దశలో. అండం చాలా చోట్ల చుక్కలు పెడుతుంది కానీ హెచ్19 దగ్గర పెట్టదు, అలా ఖాళీగా వదలడం కూడా ముద్రే అని గుర్తుపెట్టుకోండి (నాకిది ఎక్కడానికి ఒక సెమిస్టర్ పట్టింది).

ఇక కాపాడుకోవడం. ఫలదీకరణ తర్వాత పిండంలో మిథైలేషన్ (అంటే ఆ చుక్కలు) చాలావరకు తుడిచిపెట్టుకుపోతుంది, తండ్రి వైపు డీఎన్ఏ మీద చుక్కలు చెరిపే టెట్3 ఎంజైమ్ పనిచేస్తే తల్లి వైపుది కణ విభజనల్లో పలచబడుతుంది. సంక్రాంతికి ఇల్లంతా సున్నం వేస్తూ దేవుడి గూటిలోని పసుపు బొట్లు మాత్రం కప్పి ఉంచుతాం చూడండి, ఇక్కడ అలా ముద్రలను కప్పే పని జెడ్ఎఫ్‌పీ57 అనే ప్రొటీన్‌ది. టీజీసీసీజీసీ అనే డీఎన్ఏ అక్షరాల వరుస మీద మిథైల్ ఉంటేనే అది పట్టుకుని, ముద్రను కాపాడే తోడు ప్రొటీన్లు ట్రిమ్28ని, దాని ద్వారా సెట్‌డీబీ1ని పిలుస్తుంది. తల్లి వైపు డీఎన్ఏను టెట్3 నుంచి స్టెల్లా అనే ప్రొటీన్ కాస్తుంది. కణం విడిపోయిన ప్రతిసారీ పాత పోగు చూసి కొత్త పోగు మీద చుక్కలు దింపేది డీఎన్ఎంటీ1 ఎంజైమ్. పేర్లు ఎక్కువే, కానీ బొమ్మలో ఎవరి చోటు వాళ్లకిస్తే టెన్షన్ ఉండదు.

రెండు ముద్రలూ ఎందుకు కావాలో 1984లో ఎలుకల మీద చేసిన ప్రయోగాలు చూపించాయి: ఫలదీకరణ జరిగిన అండంలోని రెండు కేంద్రకాలూ తల్లివే అయినా, తండ్రివే అయినా పిండం నిలవలేదు.

ఇప్పుడు కాగితం తిప్పి, తాతయ్య బదులు నానమ్మతో మొదలుపెట్టి నాన్న వీర్యకణం దాకా గీయండి. హెచ్19 దగ్గర చుక్కలు లేకుండా బయలుదేరిన క్రోమోజోమ్ చుక్కలతో తేలితే సరిగ్గా గీసినట్టే.