జీపు లోపల బెడ్‌లైనర్ కొట్టబోతున్నారా? ముందు ఊపిరి సంగతి చూసుకోండి

2003లో అమెరికాలోని మిషిగన్‌లో ఒక వ్యాన్‌కి బెడ్‌లైనర్ (రేకును కాపాడటానికి వేసే గట్టి, గరుకు కోటింగ్) స్ప్రే చేసిన పనివాడు ఆస్తమా ముదిరి చనిపోయాడు. 2006లో అక్కడి కార్మిక ఆరోగ్య పరిశోధన సంస్థ నియోష్, ఈ ఒక్క పనిలో ఉన్న ఆస్తమా ముప్పు, ప్రాణహాని గురించి ప్రత్యేకంగా హెచ్చరిక విడుదల చేసింది. అది రోజూ ఇదే పని చేసే షాపులకు చెప్పింది. ఇప్పుడు అదే కుటుంబానికి చెందిన కోటింగ్ మందు కిట్ల రూపంలో నేరుగా ఇంటికొస్తోంది. తొలకరి లోపు పాత జీపు, థార్, జిప్సీ ఫ్లోరుకు తుప్పు పట్టకుండా ఒక కోటింగ్ వేసేద్దామని మే నెలలో షట్టర్ సగం దించుకుని పని మొదలుపెట్టేవాళ్లు మన దగ్గరా ఉన్నారు. ఇది వాళ్ల కోసం.

కలిపే లెక్క, కోటుకూ కోటుకూ మధ్య వ్యవధి డబ్బా మీదే ఉంటాయి. వాటి జోలికి పోను.

మనుషుల్ని ముంచే తప్పు ఒకటే. హార్డెనర్ (పొరను గట్టిపరిచే రెండో భాగం) కలిపిన మందును క్యాబిన్ లోపల కూర్చుని గన్నుతో కొట్టడం, మామూలు మాస్కు పెట్టుకుని "వాసన రావట్లేదు కదా" అని ధైర్యపడటం.

రెండు భాగాలు కలిపే బెడ్‌లైనర్లలో (వీటినే టూకే అంటారు) హార్డెనర్ అంటే ఐసోసైనేట్ అనే రసాయనం. షాపుల్లో వేడిచేసి కొట్టే రకంలో సాధారణంగా ఎండీఐ, ఇంటి కిట్లలో ఎక్కువగా హెచ్‌డీఐ అనే ఐసోసైనేట్లు ఉంటాయి. పేర్లు వేరైనా ఊపిరితిత్తులకు చేసే చెరుపు ఒకటే. ఇది ముక్కుకు తెలిసేసరికే గాలిలో హద్దు దాటి ఉంటుంది. మీకు తగిలేది థిన్నర్ వాసన. కార్బన్ మాస్కు ఆ వాసనను ఆపేస్తుంది కాబట్టి అంతా బాగున్నట్టే ఉంటుంది. కార్ట్రిడ్జ్ పని అయిపోయి ఐసోసైనేట్ లోపలికి వస్తున్నా ముక్కు చెప్పదు. గుడ్డ మాస్కు, సర్జికల్ మాస్కు, ఎన్95 ఈ ఆవిరిని అసలు ఆపవు.

కారు క్యాబిన్‌లో ఉండే గాలే కొంచెం. అందులో నాలుగు సీసాల మందును తుంపర చేసి కొడుతున్నారంటే మీరు పీల్చేది గాలి కాదు. లోపల స్ప్రే చేసి తీరాలనుకుంటే బయటి నుంచి శుభ్రమైన గాలి అందించే ఫుల్ మాస్కు ఉండాలి, దాని పంపు పొగకూ మందుకూ దూరంగా ఉండాలి. పెయింటింగ్ కంప్రెషర్ గొట్టాన్నే మాస్కుకు తగిలించకండి, ఆ గాలిలో నూనె తుంపర, ఒక్కోసారి కార్బన్ మోనాక్సైడ్ కూడా ఉంటాయి. ఇంత సరంజామా లేదా? అయితే లోపల స్ప్రే చేయొద్దు.

శరీరం దీనికి ఒకసారి అలర్జీ పడితే ఆ తర్వాత అతి కొద్ది మోతాదుకే ఛాతీ బిగుసుకుపోతుంది. అలా అయిన పెయింటర్లు చేతిలో ఉన్న పనినే వదులుకోవాల్సి వస్తుంది. చర్మం మీద పడ్డా ఆ అలర్జీ మొదలుకావచ్చు. కాబట్టి నైట్రైల్ గ్లోవ్స్, ఫుల్ చేతులు, కళ్లకు గాగుల్స్. మందు అంటితే సబ్బు నీళ్లతో కడగండి, థిన్నర్‌తో తుడిస్తే అది ఇంకా లోపలికి దిగుతుంది.

మరేం చేయాలి? ఊడేవన్నీ ఊడదీసి ఆరుబయట వేసుకోండి. మిగిలేది ఫ్లోరే. దానికి డోర్లు, టాప్ తీసేసి, హార్డెనర్ లేని నీటి రకాన్ని రోలర్‌తో, మూలల్లో బ్రష్‌తో వేయండి. టూకే అంత గట్టిగా ఉండదు, నిజమే. మ్యాట్ కింద ఉండే ఫ్లోరుకు అది చాలు. టూకేనే రోలర్‌తో వేస్తే తుంపర తగ్గుతుంది తప్ప ఆవిరి పోదు.

రెండో ప్రాణాపాయం ఎయిర్‌బ్యాగ్. స్టీరింగ్ మధ్య మూత, ప్యాసింజర్ వైపు డాష్‌బోర్డు, కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌లుంటే పిల్లర్ ట్రిమ్‌లు, సీటు పక్క కవర్లు: వీటి మీద చుక్క కూడా పడకూడదు. ఆ ప్లాస్టిక్ ఒక పల్చటి గీత వెంట చిరిగేలా తయారుచేస్తారు. దాని మీద మందపాటి పొర గడ్డకడితే బ్యాగ్ ఆలస్యంగా, అడ్డదిడ్డంగా తెరుచుకుంటుంది, ఊడిన పెచ్చులు ముఖానికి తగులుతాయి. సీట్లు తీసేముందు బ్యాటరీ నెగటివ్ విప్పి, మాన్యువల్లో చెప్పినంతసేపు ఆగి, అప్పుడే సీటు కింది పసుపు కనెక్టర్లు ముట్టుకోండి.

ఫ్లోరు మీద టేపు వేయాల్సిన చోట్లు: సీటు, బెల్టు బోల్టులు దిగే చోటు, దాని చుట్టూ బ్రాకెట్ ఆనే రేకు. మధ్యలో కోటింగ్ ఉంటే అది నలిగి, బిగించిన బోల్టు కొన్నాళ్లకు వదులవుతుంది. మరలు పూడకుండా పాత బోల్టులు దూర్చండి. ఎర్త్ వైర్ల చోట్లు కూడా కప్పండి. నీళ్లు పోయే రంధ్రాల రబ్బరు మూతలు తీసి, కోటింగ్ ఆరాక తిరిగి పెట్టండి. ఆ రంధ్రాలు మూసుకుపోతే మొదటి వానకే నీళ్లు లోపల నిలుస్తాయి, తుప్పు ఆపడానికి వేసిన పొరే తుప్పును దాస్తుంది. ఛాసిస్ నంబర్ కొట్టిన చోటు తప్పనిసరిగా వదిలేయండి. అది కనబడకపోతే ఆర్టీఓ దగ్గర తనిఖీలో ఇరుక్కుంటారు.

ప్లాస్టిక్ ట్రిమ్ మీద పెచ్చులు లేవడానికి మొదటి అనుమానితుడు డాష్‌బోర్డు పాలిష్. అందులోని సిలికాన్ ప్లాస్టిక్ గరుకులో ఇరుక్కుని ఉంటుంది. సబ్బు నీళ్లు, ఆరాక గ్రీజు పోగొట్టే క్లీనర్, ఆ తర్వాతే ఎమరీ. ముందే ఎమరీ పడితే సిలికాన్ లోపలికి రుద్దుకుపోతుంది. నీళ్లు చల్లి చూడండి: పొరలా పరుచుకుంటే సరే, ముత్యాల్లా విడిపోతే మళ్లీ కడగండి. పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్ ట్రిమ్‌కు అడ్హీషన్ ప్రమోటర్ (పొర అంటుకునేలా ముందు వేసే ద్రవం) లేకుండా ఏదీ పట్టదు. మోచేయి ఆనే చోట గరుకు పొర వేయకండి, చర్మం గీసుకుపోతుంది.

ఇక మిగిలినవి వరుసగా.

ఎండలో కాలిన రేకు మీద వేయొద్దు. పైపొర ముందు ఆరి, కింద థిన్నర్ చిక్కుకుని బుడగలు వస్తాయి.

కలిపిన మందు ఎంతసేపు పనికొస్తుందో డబ్బా మీద 20 డిగ్రీలకు రాసిన సమయం 40 డిగ్రీలకు పనికిరాదు. కొద్దికొద్దిగా కలపండి.

తడి రేకు మీద, వాన ముసురులో టూకే వద్దు. హార్డెనర్ తేమతో కలిసి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది, పొర నురగలా ఉబ్బుతుంది. తేమ తగిలిన హార్డెనర్ డబ్బాకు మూత గట్టిగా బిగించొద్దు, పగలొచ్చు.

తుప్పు మీద కోటింగ్ వద్దు. మెరిసే రేకు దాకా రుద్ది, ఎపాక్సీ ప్రైమర్ వేశాకే.

థిన్నర్ ఆవిరి గాలికన్నా బరువు, ఫ్లోరులోనే కూర్చుంటుంది. బీడీ, గ్యాస్ గీజర్, దేవుడి దీపం, మామూలు టేబుల్ ఫ్యాన్, హాలోజన్ లైటు: ఏదీ దగ్గర ఉండకూడదు.

టూకే సగం ఆరిన పొరను ఎమరీ పట్టొద్దు. ఆ దుమ్ములోనూ ఐసోసైనేట్ ఉంటుంది.

ఆస్తమా ఉన్నవాళ్లు ఈ పనికి దగ్గరికే రావొద్దు. సాయానికి పిలిచిన కుర్రాడికీ మీకున్న రక్షణే ఉండాలి.

మళ్లీ చెప్తున్నా: వాసన లేకపోవడం రక్షణ కాదు.

దగ్గు, ఛాతీ బిగుతు ఆ రాత్రి కూడా మొదలుకావచ్చు. తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. డబ్బా తీసుకుని ఆస్పత్రికి వెళ్లండి, "ఐసోసైనేట్ పీల్చాను" అని డాక్టర్‌కు చెప్పండి.

పూర్తిగా గట్టిపడటానికి వారం పడుతుంది. అప్పటిదాకా అద్దాలు దించి నీడలో ఉంచండి, పిల్లల్ని ఎక్కించొద్దు, అద్దాలు మూసి ఏసీ వేసుకుని తిరగొద్దు.