వోల్టేజ్ పెంచినా పవర్ పెరగని కెథెటర్ అల్ట్రాసౌండ్ డ్రైవర్: సమస్య, పరిష్కారం

కెథెటర్ (రక్తనాళంలోకి పంపే సన్నని గొట్టం) హ్యాండిల్‌లో ఇమిడే చిన్న డ్రైవర్ బోర్డు, 1.5 మీటర్ల సన్నని కోయాక్స్ కేబుల్, చివర టిప్‌లో సిలిండర్ ఆకారపు పీజెడ్‌టీ ట్రాన్స్‌డ్యూసర్, అంటే కరెంట్‌ను ధ్వనిగా మార్చే సెరామిక్. హై బీపీకి కిడ్నీ ధమని చుట్టూ ఉన్న నరాలను వేడితో పనిచేయకుండా చేసే 9 మెగాహెర్ట్జ్ రకం అనుకోండి. 5 వాట్ల దాకా ఏ ఇబ్బందీ ఉండదు. అక్కడి నుంచి సప్లై వోల్టేజ్ రెట్టింపు చేస్తే పవర్ నాలుగు రెట్లు కావాలి. రెండు రెట్లకే ఆగిపోతుంది, బోర్డు మీద స్విచ్‌ల్లా పనిచేసే మాస్‌ఫెట్‌లు మాత్రం చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతాయి.

బోర్డు విప్పే ముందు రెండు పనులు చేయండి. కనెక్టర్ దగ్గర మీటర్ పెట్టి కెపాసిటెన్స్ చూడండి. కొత్త కెథెటర్‌కు ఎంత వచ్చిందో రాసి పెట్టుకుని ఉంటే పోల్చడం క్షణాల పని. 150 పికోఫారడ్ల దగ్గరే ఆగిందంటే అది ఒక్క కేబుల్‌దే, టిప్ దగ్గర వైరు తెగిపోయింది. తర్వాత టిప్‌ను మరిగించి చల్లార్చిన నీటిలో ముంచి, సెరామిక్ మీద గాలి బుడగ ఉందేమో లెన్స్‌తో చూడండి. నీటి నుంచి గాలిలోకి ధ్వని శక్తి దాదాపు వెళ్లదు, 99.9 శాతం వెనక్కి వస్తుంది. ఈ రెండూ చూడకుండా రోజుల తరబడి ఫర్మ్‌వేర్ మార్చేవాళ్లను చూస్తే నిజంగా బాధేస్తుంది.

ఈ రెండూ బాగుంటే అసలు దొంగ ట్యూనింగ్ ఇండక్టర్, అంటే ట్రాన్స్‌డ్యూసర్ కెపాసిటెన్స్‌ను రద్దు చేయడానికి సిరీస్‌లో పెట్టే కాయిల్.

నన్ను ఇదే దెబ్బ తీసింది. బాగున్న మూడు కెథెటర్లను పాడయ్యాయని పక్కన పడేశాక గానీ అర్థం కాలేదు. నెట్‌వర్క్ అనలైజర్‌లో (చిన్న సిగ్నల్ పంపి సర్క్యూట్ ఇంపెడెన్స్ కొలిచే పరికరం) గ్రాఫ్ పుస్తకంలో బొమ్మలా వస్తుంది, ఎందుకంటే అనలైజర్ పంపేది మిల్లీవాట్లే. అంత చిన్న కరెంట్‌కు ఏ ఇండక్టరైనా బాగానే ఉంటుంది.

లెక్క చూడండి. సిరీస్ లెక్కలో ట్రాన్స్‌డ్యూసర్ 10 ఓంలు, 1 నానోఫారడ్ అనుకుందాం. 9 మెగాహెర్ట్జ్ దగ్గర ఆ కెపాసిటెన్స్ రియాక్టెన్స్ (ఏసీకి అది ఇచ్చే అడ్డు) 17.7 ఓంలు. దాన్ని రద్దు చేయడానికి 0.31 మైక్రోహెన్రీ కావాలి. 30 వాట్లకు ఆర్‌ఎంఎస్ కరెంట్ 1.73 ఆంపియర్లు. కేటలాగ్‌లో సాచురేషన్ కరెంట్ (కోర్ అయస్కాంతత్వంతో నిండిపోయే కరెంట్) 2 ఆంపియర్లు అని చూసి, సరిపోతుందని చిప్ ఇండక్టర్ పెట్టేస్తాం. తప్పు అక్కడే జరుగుతుంది. కేటలాగ్ అంకె డీసీకి ఇచ్చింది. మన కరెంట్ పీక్ 2.45 ఆంపియర్లు. ప్రతి సైకిల్‌లో రెండు సార్లు ఫెరైట్ కోర్ నిండిపోతుంది, ఇండక్టెన్స్ పడిపోతుంది, ట్యూనింగ్ తప్పుతుంది. లోడ్ కెపాసిటివ్‌గా మారేసరికి హాఫ్‌బ్రిడ్జ్ (జంటగా మారిమారి ఆన్ అయ్యే) మాస్‌ఫెట్‌లకు జీరో వోల్టేజ్ స్విచింగ్, అంటే వోల్టేజ్ సున్నా దగ్గర ఉన్నప్పుడే ఆన్ అవడం, పోతుంది. ఆ వేడి అక్కడి నుంచే వస్తోంది.

నిర్ధారణకు రెండు పరీక్షలు. మొదట ట్రాన్స్‌డ్యూసర్ తీసేసి, దాని స్థానంలో 10 ఓంల నాన్-ఇండక్టివ్ రెసిస్టర్, దానికి సిరీస్‌లో 1 నానోఫారడ్ సీ0జీ (వోల్టేజ్‌తో విలువ మారని రకం) కెపాసిటర్ పెట్టండి. దానితో కూడా పవర్ అక్కడే ఆగిపోతే కెథెటర్‌ది తప్పు కాదు. తర్వాత పూర్తి వోల్టేజ్‌తో 100 సైకిళ్ల చిన్న బర్స్ట్ ఇచ్చి, కరెంట్ ప్రోబ్‌తో వేవ్‌ఫాం చూడండి. 100 సైకిళ్లంటే 11 మైక్రోసెకన్లు, ఆ కాసేపట్లో ఏదీ వేడెక్కదు. అయినా సైన్ వేవ్ శిఖరాలు సూదిగా లేచి ఉంటే అది సాచురేషనే. మొదటి బర్స్ట్ శుభ్రంగా ఉండి, కొన్ని సెకన్ల తర్వాత పవర్ జారితే అది వేడి సమస్య, దాని దారి వేరు.

సరిచేయడానికి చోటుంటే కోర్ లేని కాయిల్‌ను మించింది లేదు. 5.5 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్ మీద 0.5 మిల్లీమీటర్ల ఎనామెల్ వైరు 10 చుట్లు చుట్టి, 8 మిల్లీమీటర్ల పొడవుకు లాగితే సుమారు 0.33 మైక్రోహెన్రీ వస్తుంది. ఇంకొంచెం సాగదీస్తే 0.31కి దిగుతుంది. కాయిల్ ఫీల్డ్ బయటికి వ్యాపిస్తుంది కాబట్టి షీల్డ్ మూత పెట్టాకే చివరి ట్యూనింగ్ చేయండి, మూత దగ్గరైతే ఇండక్టెన్స్ తగ్గుతుంది. చోటు లేకపోతే 0.62 మైక్రోహెన్రీ ఇండక్టర్లు రెండు ప్యారలల్‌గా, ఒకదానికొకటి లంబంగా పెట్టండి. కరెంట్ సగం సగం పంచుకుంటాయి. సిరీస్‌లో పెడితే రెండింటిలో అదే పూర్తి కరెంట్ పోతుంది. ఎంఆర్‌ఐ గదిలో వాడే బోర్డైతే ఫెరైట్ ఆలోచనే వద్దు, అక్కడి అయస్కాంతం కరెంట్ లేకుండానే కోర్‌ను నింపేస్తుంది.

మిగతా కారణాలు అరుదు. 5హెచ్ రకం పీజెడ్‌టీ సెరామిక్ క్యూరీ ఉష్ణోగ్రత (ధ్వని పుట్టించే గుణం పోయే వేడి) దాదాపు 195 డిగ్రీలే, 350 డిగ్రీల సోల్డరింగ్ ఐరన్ ఎక్కువసేపు ఆనితే పోలింగ్, అంటే ఆ గుణం ఇచ్చే ధ్రువీకరణ, పోతుంది. మ్యాచింగ్‌లో వోల్టేజ్‌తో విలువ మారే ఎక్స్7ఆర్ కెపాసిటర్ ఉంటే తీసి సీ0జీ పెట్టండి. గేట్ డ్రైవర్ ఐసీ పాడైందని అనుమానం వస్తే కొత్తది పెట్టి చూడండి, నాకు ఎప్పుడూ అది కారణం కాలేదు.